బటన్‌కి పేరు పెట్టండి

అందరికీ నమస్కారం. ఈ సభకి వచ్చినవాళ్లలో చాలామంది వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో సాఫ్ట్‌వేర్ రాసే మన తెలుగువాళ్లేనని చెప్పారు. అందుకే జాలి, స్ఫూర్తి లాంటివి పక్కన పెట్టి బగ్‌ల గురించి మాట్లాడతాను.

నాకు చూపు లేదు. ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడతాను. తెర మీద వేలు జరుపుతుంటే వేలి కింద ఏముందో అది చదువుతుంది. రెండుసార్లు తడితే నొక్కినట్టు. బ్యాంకు పని, ఆటో, కిరాణా అన్నీ ఇలాగే సాగుతాయి. అయితే అది చదివేది మీరు కోడ్‌లో రాసిన పేరు. మీరు రాయకపోతే ‘అన్‌లేబుల్డ్ బటన్’ అని ఊరుకుంటుంది. ఈమధ్య కొన్ని ఐకాన్లను తనే పోల్చుకుంటోంది గానీ, మీ డిజైనర్ సొంతంగా గీసినవాటి దగ్గర తడబడుతుంది. ఒకే తెర మీద పేరులేని బటన్లు నాలుగుంటే డబ్బు పంపేది ఏది, రద్దు చేసేది ఏది? టెన్షన్ కాక ఇంకేముంటుంది! ఆండ్రాయిడ్‌లో దీనికి కంటెంట్ డిస్క్రిప్షన్ అనే ఒక్క లైను చాలు. అదీ ఒకసారి రాసి వదిలేస్తే కుదరదు. కొత్త డిజైన్ వచ్చిన ప్రతిసారీ ముందు ఎగిరిపోయేవి ఈ పేర్లే.

కేవైసీ, అంటే ఖాతాదారు ఎవరో బ్యాంకు ఆన్‌లైన్‌లో నిర్ధారించుకునే పని, దాని సంగతి మరీ విడ్డూరం. ముఖం గుండ్రం లోపల పెట్టు, కళ్లార్పు అంటుంది యాప్. ఆ గుండ్రం ఎక్కడుందో నాకెవరు చెప్తారు? యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్, చూపు లేని న్యాయవాది అమర్ జైన్ దీని మీదే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం కిందికి వచ్చే హక్కేనని కోర్టు చెప్పింది. కళ్లార్పడం కాకుండా వేరే పద్ధతులూ పెట్టమంటూ, మొత్తం 20 ఆదేశాలిచ్చింది. కాబట్టి మీ మేనేజర్ ‘వచ్చే క్వార్టర్‌లో చూద్దాం’ అంటే ఈ తీర్పు చూపించండి.

తెలుగుతో ఇంకో గోల. పాత అను ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ మీ కంటికి చక్కటి తెలుగే. లోపలున్నవి మాత్రం వేరే గుర్తులు, నా ఫోన్ వాటిని అర్థంపర్థం లేకుండా చదువుతుంది. అన్ని ఫోన్లకీ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్ అక్షరాల్లో ఇస్తే ఈ బాధ లేదు. వాట్సాప్ ఆహ్వానాలూ అంతే, అన్నీ బొమ్మలే. ఈ సభది కూడా! నిర్వాహకులు ఏమనుకోకండి, తేదీ, చోటు కింద టైపు చేసి పెడితే చాలు.

ఒక్క పని అడుగుతాను. వచ్చే రిలీజ్‌కి ముందు ఐఫోన్‌లో టాక్‌బ్యాక్ లాంటిదే అయిన వాయిస్‌ఓవర్ ఆన్ చేసి, మూడు వేళ్లతో మూడుసార్లు తట్టండి. తెర నల్లబడుతుంది. ఆ నల్లటి తెర మీదే మీ యాప్‌లో ఎవరికైనా వంద రూపాయలు పంపి చూడండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ బగ్ రాయండి. ‘మైనర్’ అని కాదు, రిలీజ్ ఆపే బగ్ అని రాయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. చెయ్యెత్తితే నాకు తెలీదు, పేరు చెప్పి మొదలుపెట్టండి.