హాల్‌ని ఇచ్చి లార్సన్‌ని తెచ్చుకున్న బేరం

హోస్ట్: అన్నా, ఐస్ హాకీలో చెత్త ట్రేడ్, అంటే ఆటగాళ్ల మార్పిడి, ఏదంటే ఎన్‌హెచ్‌ఎల్ లీగ్‌లో ఆడే కెనడా జట్టు ఎడ్మంటన్ ఫ్యాన్స్‌కి ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది 2016 జూన్ 29. గోల్స్ కొట్టే ఫార్వర్డ్ టేలర్ హాల్‌ని న్యూజెర్సీ జట్టుకి ఇచ్చేసి డిఫెన్స్‌మన్ ఆడమ్ లార్సన్‌ని తెచ్చుకున్నారు.

అతిథి: మనిషికి మనిషి. పైన ఒక్క డ్రాఫ్ట్ పిక్ కూడా, అంటే కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతు కూడా, అడగలేదు. అసలు మంట అక్కడే.

హోస్ట్: హాల్ 2010 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్ కదా.

అతిథి: అవును. లార్సనేమో గోల్స్ కొట్టడు, అవతలివాళ్లని కొట్టనివ్వడు. ఎడ్మంటన్‌కి కావలసింది కూడా అదే. ముందు గోల్స్ కొట్టడానికి స్టార్ మెక్‌డేవిడ్ ఉన్నాడు, వెనక డిఫెన్స్ ఖాళీ. పైగా కుడిచేతి వాటం డిఫెన్స్‌మన్ అంత తేలిగ్గా దొరకడు. మన అవసరం అవతలివాడికి తెలిసిపోయాక ఇంక బేరమేం ఆడతాం?

హోస్ట్: అంటే సమర్థిస్తున్నావా?

అతిథి: అవసరాన్ని సమర్థిస్తా, రేటుని కాదు. ట్రేడ్ అయ్యాక మొదటి సీజన్ చూడు. లీగ్ పట్టికలో జట్టుకి 103 పాయింట్లు, 2006 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్. శాన్ హోసేని ఇంటికి పంపారు, అనహైమ్‌తో ఏడో మ్యాచ్ దాకా లాగారు.

హోస్ట్: ఆ తర్వాతి ఏడాది సంగతి చెప్పవేం? హాల్ గోల్స్, అసిస్ట్‌లు కలిపి 93 పాయింట్లతో హార్ట్ ట్రోఫీ కొట్టాడు, అంటే లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు! ఎడ్మంటన్‌కి ప్లేఆఫ్సే లేవు.

అతిథి: ఒప్పుకుంటా. కానీ దాని తర్వాత మోకాలి గాయం, 2019 డిసెంబర్‌లో న్యూజెర్సీ కూడా అతన్ని అరిజోనాకి పంపేసింది. లార్సన్ ఎడ్మంటన్‌కి ఐదు సీజన్లు ఆడాడు. నన్నడిగితే అసలు దెబ్బ రెండ్రోజులాగి జులై 1న పడింది.

హోస్ట్: లూచిచ్!

అతిథి: అదీ! హాల్ జీతం ఏడాదికి 60 లక్షల డాలర్లు. అదే 60 లక్షలకి ఫార్వర్డ్ మిలాన్ లూచిచ్‌ని ఏడేళ్లకి రాసుకున్నారు. శాలరీ క్యాప్, అంటే జట్టు మొత్తం జీతాలకి పరిమితి, ఉన్న లీగ్‌లో లెక్క చూడాల్సింది ఇలాగే: హాల్ పోయిన చోట లూచిచ్ కూర్చున్నాడు. 2018-19 సీజన్ మొత్తానికి అతను కొట్టినవి 6 గోల్స్.

హోస్ట్: అప్పటి ఎడ్మంటన్ జనరల్ మేనేజర్ చియరెల్లీకి ఇది కొత్తేం కాదులే. 2013లో బోస్టన్‌లో ఉండగా కుర్ర స్టార్ టైలర్ సెగిన్‌ని డల్లాస్‌కి ఇచ్చిందీ ఆయనే.

అతిథి: 2019 జనవరిలో ఎడ్మంటన్ ఆయన్నే తీసేసింది. ట్రేడ్‌కి నేను పదికి నాలుగు వేస్తా. లూచిచ్‌తో కలిపితే ఒకటి.

హోస్ట్: ఒకటి కూడా ఎక్కువే! సరే, హాల్ ట్రేడ్ అయిన రోజే మాంట్రియల్ జట్టు డిఫెన్స్‌మన్ సుబ్బన్‌ని ఇచ్చి ఇంకో డిఫెన్స్‌మన్ వెబర్‌ని తెచ్చుకుంది. దాని సంగతేంటి?

అతిథి: అది మొదలెడితే ఇంకో గంట పడుతుంది. ముందు చాయ్ తాగొద్దాం పద.