రాజమహల్లో సంతకం ఎవరిది?

బామ్మర్ది: రికార్డింగు ఆన్ అయింది బావా. ఇవాళ చంద్రగిరి కోట. రాజమహల్లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది కదా, అందులో ఏమేం చూడాలి, ఎప్పుడెళ్ళాలి...

బావ: శుక్రవారం పోవద్దు, సెలవు. గండికోట నుంచి తెచ్చిన రాతి శిల్పాలు తప్పకుండా చూడండి. అయిపోయింది. ఇక సున్నం సంగతికొస్తే...

బామ్మర్ది: అప్పుడేనా!

బావ: మూడంతస్తుల మేడలో కొయ్యన్నది లేదురా. రాయి, ఇటుక, సున్నం. దూలాల పనంతా కమానులే చేస్తున్నాయి. కింద చూస్తే సుల్తానుల పోకడ, పైన చూస్తే గుడి శిఖరాలు.

బామ్మర్ది: నాకైతే ఆ హాల్లోకి పోతే ఒకటే గుర్తొస్తుంది. మద్రాసు పుట్టింది అక్కడే. 1639లో ఇంగ్లీషోళ్ళకి మద్రాసు నేల రాసిస్తూ విజయనగర రాయలు సంతకం పెట్టిచ్చింది ఆ దర్బారులోనే.

బావ: ఎవరు చెప్పారు?

బామ్మర్ది: అందరూ చెప్తారు.

బావ: అందరూ అంటే నువ్వేనా?

(నవ్వులు)

బావ: ఆ ఏడు ఆగస్టులో పట్టా ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. వాళ్ళ నాన్న చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం.

బామ్మర్ది: ఆ నాయకుడు ఎవరి కింద ఉన్నాడు? రాయల కిందే కదా! పైవాడి మాట లేకుండా సముద్రపొడ్డు రాసిచ్చేస్తాడా?

బావ: రాయల పట్టా వేరే ఉంది. 1645లో శ్రీరంగరాయలు ఇచ్చింది.

బామ్మర్ది: చూశావా, రాయలే!

బావ: రాయలు ఇచ్చాడన్నా గానీ, ఈ హాల్లో కూర్చుని ఇచ్చాడన్నానా? 1565లో తళ్ళికోట యుద్ధంలో దెబ్బ తిన్నాక రాజధాని పెనుకొండ, చంద్రగిరి, వేలూరు అని తిరుగుతానే ఉంది. ఎక్కడ కూర్చుని రాశారో కాగితం చూపించు, ఒప్పుకుంటా.

బామ్మర్ది: నువ్వింతే బావా. మనకని ఒక్క గొప్ప ఉంటే అదీ ఉంచవు.

బావ: ...

బామ్మర్ది: ఏం, మాట్లాడవే?

బావ: గొప్పకేం తక్కువరా. కృష్ణదేవరాయలు తమ్ముణ్ణి, అచ్యుతరాయల్ని, బందీగా పెట్టింది ఈ కోటలోనే అని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. అన్న పోయాక ఆ బందీయే రాజయ్యాడు. ఒక్కరైనా చెప్పుకుంటారా దాన్ని?

బామ్మర్ది: ఇది బాగుంది. ముందే చెప్పొచ్చు కదా.

బావ: నువ్వు సంతకం వదిలితే కదా! కోటలో ఆయన్ని పెట్టిన గది ఏదో తెలీదు గానీ, ఆ గోడల సున్నం ఉంది చూడు...

బామ్మర్ది: వద్దు బావా. రాణిమహల్ గురించి చెప్పు.

బావ: అది రాణిమహలెట్లా అయిందిరా? కింది అంతస్తు చూడు, గుర్రాలు కట్టేసే సాలలాగుంటుంది.

బామ్మర్ది: రాణిని కూడా వదలవా నువ్వు? పో, అక్క పిలుస్తోంది.