గోపురం పక్కన పొగ: కరోలినా, టెక్సాస్, ఒహాయో కబుర్లు

అక్క: అందరికీ నమస్కారం. ఈ వారం మా తమ్ముడొచ్చాడు. నేను చదివింది నార్త్ కరోలినాలో, డ్యూక్ యూనివర్సిటీలో; వాడు టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో. ఎవరి క్యాంపస్ బావుంది, ఎవరి ఊరి తిండి బావుంది అని ఇంట్లో ఎప్పుడూ వాదనే.

తమ్ముడు: క్యాంపస్ వరకు నీదే గెలుపు అక్కా. డ్యూక్ చాపెల్, అదే మీ ప్రార్థనా మందిరం ముందు నిలబడితే నాకు నోట మాట రాలేదు.

అక్క: 210 అడుగులు! ఆ రాయి ఎక్కడిదో కాదు, పక్కనున్న హిల్స్‌బరో క్వారీదే. వాన వెలిశాక చూడాలి. ఒక రాయి నీలంగా, ఇంకోటి తుప్పు రంగులో మెరుస్తుంటాయి. అక్కణ్ణుంచి నడిచి వెళ్తే 55 ఎకరాల తోట. పరీక్షలప్పుడు నా మకాం అక్కడే.

తమ్ముడు: మా యూనివర్సిటీ టవర్ 307 అడుగులు, 1937 నాటిది. దానిది ఠీవి. మ్యాచ్ గెలిచిన రాత్రి నారింజ దీపాలు వెలిగితే ఊరంతా తల ఎత్తి చూస్తుంది.

అక్క: సరే, తిండికి రా. తూర్పు కరోలినాలో బార్బెక్యూ అంటే పంది మాంసమే. మొత్తం పందిని గంటల తరబడి సన్నని సెగ మీద కాల్చి, తరిగి, వెనిగర్, ఎండుమిర్చి కలుపుతారు. టమాటా ఊసే ఉండదు. అదే లెక్సింగ్టన్ వైపు వెళ్తే భుజం మాంసం, వెనిగర్‌లో కాస్త కెచప్. పులుసులో బెల్లం వెయ్యాలా వద్దా అని మన దగ్గర ఎంత పట్టింపో, వాళ్ళకి ఆ కెచప్ మీద అంత!

తమ్ముడు: మాకు బీఫ్ బ్రిస్కెట్, అంటే రొమ్ము భాగం మాంసం. ఉప్పు, మిరియాలు, ఓక్ కట్టెల పొగ, పన్నెండు గంటల ఓపిక. జర్మన్, చెక్ కసాయి కొట్ల నుంచి వచ్చిన అలవాటది, అందుకే చాలా చోట్ల ఇప్పటికీ ప్లేటు బదులు కాగితంలో పెట్టిస్తారు. కానీ నన్ను కట్టిపడేసింది చిల్లీ అక్కా. ఎండుమిరపకాయలు నానబెట్టి, ముద్దగా రుబ్బి, అందులో మాంసం ఉడికిస్తారు. మొదటిసారి ఆ వాసన తగలగానే అమ్మ వంటిల్లు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. 1977లో దాన్ని రాష్ట్ర వంటకం చేశారు. బీన్స్ మాత్రం వెయ్యకూడదు.

అక్క: ఒహాయోలో సిన్సినాటి చిల్లీ తిన్నావా? మిర్చి ఘాటు ఆశించి వెళ్ళాను. దాల్చినచెక్క, లవంగం తగిలాయి! మాసిడోనియా నుంచి వచ్చిన అన్నదమ్ములు 1922లో మొదలుపెట్టారట. స్పఘెట్టి మీద పోసి, పైన చీజ్ తురుము గుట్టగా వేస్తారు.

తమ్ముడు: దగ్గర్లో మంచి క్యాంపస్ ఉందా?

అక్క: ఆక్స్‌ఫర్డ్ ఊళ్ళో మయామీ యూనివర్సిటీ. పేరు మయామీ, ఉన్నది ఒహాయోలో. 1809 నాటిది. ఎర్ర ఇటుక భవనాలు, వాటి చుట్టూ పెద్ద చెట్లు. అక్టోబర్‌లో ఆకులు రంగు మారేటప్పుడు వెళ్దాం, సాయంత్రానికి సిన్సినాటి.

తమ్ముడు: వస్తాను. నాకు చీజ్, ఉల్లిపాయలు చెప్పు.

అక్క: బీన్స్?

తమ్ముడు: అక్కా, నేను టెక్సాస్‌లో చదివాను.