తోటల్లేని తోటలు, మెట్ల మీది బెజవాడ

శ్రోతలకు నమస్కారం.

నేనిప్పుడు కూర్చుని మాట్లాడుతున్న ఈ చోటు చిరునామా మీలో పెద్దవాళ్లకు నోటికి వచ్చే ఉంటుంది. ఉత్తరాలు రాసే రోజుల్లో పోస్టుకార్డు మీద వేసేవాళ్లం కదా, "ఆకాశవాణి, పున్నమ్మతోట, విజయవాడ" అని. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం ఇది. ఇవాళ గేటు దగ్గర ఆటో దిగి, డబ్బులిస్తూ ఆ కుర్రాణ్ని అడిగాను, "ఇక్కడ తోటెక్కడుంది బాబూ?" అని. నన్ను ఎగాదిగా చూశాడు. "పార్కయితే బస్టాండు దగ్గరుందండీ, రాజీవ్ పార్కు. ఇక్కడ ఏమీ లేదు" అన్నాడు.

నిజమే, ఇక్కడ తోట లేదు. రాణిగారితోటలో రాణీ లేదు, తోటా లేదు. గులాబీతోటలో గులాబీ కావాలంటే పూలకొట్టుకు పోవాలి. చుట్టుగుంటలో గుంట కనబడదు, సున్నపుబట్టీల సెంటర్లో బట్టీలు కనబడవు. కానీ ఆ పేర్లను ఎవరూ తీసెయ్యలేదు. సిటీ బస్సు కండక్టరు రోజుకు ఇరవైసార్లు వాటిని అరుస్తూనే ఉన్నాడు. ఊరు పుస్తకంలో రాసుకోని సంగతులు అలా బస్సుల్లో బతుకుతున్నాయి.

బెజవాడ చూడ్డానికి ఎవరైనా చుట్టాలొస్తే మనం ఏం చేస్తాం? పొద్దున్నే దుర్గమ్మ దర్శనం, సాయంత్రం బ్యారేజీ మీద గాలి, మధ్యలో బీసెంట్ రోడ్డులో చీరలు. అయిపోయింది, రాత్రి బండెక్కిస్తాం. నేనూ అలాగే చేసేవాణ్ని. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, డాక్టరు రోజూ నడవమన్నాడు గనక నడవడం మొదలుపెట్టాను. నడిచాకే తెలిసింది, నలభయ్యేళ్లుగా నేను చూసిన ఊరు రెండు రోడ్లూ నాలుగు సెంటర్లూనేనని.

నడక కాలువల దగ్గర మొదలైంది. ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది. అంతకు వందేళ్ల ముందే, కాటన్ దొర చలవతో, 1855కల్లా కృష్ణకు ఆనకట్ట పడింది. దాన్ని దగ్గరుండి కట్టించినవాడు కెప్టెన్ ఓర్. రైల్వేస్టేషను పక్కనున్న గాంధీ కొండను ఒకప్పుడు ఓర్ కొండ అనే పిలిచేవారు. 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ వచ్చి అక్కడ గాంధీ స్తూపాన్ని ప్రారంభించారు. అది సరే. బ్యారేజీ మీద నిలబడ్డవాళ్లంతా నది వైపు తిరిగి ఫోటోలు తీసుకుంటారు. నేను చెప్పేది, ఊరి వైపు తిరగండి. తూముల్లోంచి దూకిన నీళ్లు ఏలూరు కాలువగా, బందరు కాలువగా, రైవస్ కాలువగా విడిపోయి, మన ఇళ్ల వెనకనుంచీ వంతెనల కిందనుంచీ పోతున్నాయి. వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని హారన్ కొడుతున్నప్పుడు కింద నీళ్లున్నాయని గుర్తుండదు గానీ, ఒకప్పుడు ఈ ఊరికి పెద్ద రోడ్లంటే అవే.

బందరు లాకులు అన్న పేరు వినే ఉంటారు. లాకు అంటే తాళం కాదండీ, పడవలకు మెట్టు. కాలువలో పై మట్టానికీ కింది మట్టానికీ తేడా ఉన్నచోట రెండు తలుపుల మధ్య ఒక గదిలాంటిది కడతారు. పడవ అందులోకి రాగానే వెనక తలుపు మూసి, ముందు వైపు నుంచి నీళ్లు వదులుతారు. నీటితో పాటు పడవా పైకి లేస్తుంది. మట్టం సమానమయ్యాక ముందు తలుపు తీస్తారు. కిందికి దిగాలంటే ఇదే తిరగేసి చేస్తారు. ఇంజనూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. ఈ ఏర్పాటుతోనే కాకినాడ నుంచి ఏలూరు మీదుగా బెజవాడ వచ్చి, ఇక్కడ కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువలో పడి, బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా పడవలు పోయేవి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు వెళ్లి చూస్తే అడుగున బురద, ప్లాస్టిక్ సంచులు, విరిగిన వినాయకుడి చెయ్యి కనిపిస్తాయి. జూన్‌లోనో జూలైలోనో నీళ్లు వదిలిన మొదటిరోజు మాత్రం గట్టు మీద పిల్లల కేకలు వినాలి.

ఈ కాలువల మీద పుస్తకాలు కూడా తిరిగాయంటే నమ్ముతారా? 1935లో పాతూరి నాగభూషణం గారు ఏటికి ఆవలి వైపు, గుంటూరు జిల్లాలో, పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ ప్రయాణం నెమ్మది, చేతిలో పుస్తకముంటే తోస్తుంది, అంతే ఆలోచన. ఆయనకు ముందుతరం వాళ్లు 1914 ఏప్రిల్ 10న ఈ బెజవాడలోనే ఆంధ్రదేశపు గ్రంథాలయాల వాళ్లందరినీ ఒకచోట చేర్చారు. చిలకమర్తి వారు అధ్యక్షులు, పూనిక అయ్యంకి వెంకటరమణయ్య గారిది. వాళ్లకు ఇల్లులాంటిది రామమోహన గ్రంథాలయం. పటమటలో సర్వోత్తమ భవనం కూడా ఆ కుదురుకు చెందినదే, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేరు మీద. పటమటలో పదేళ్లు అద్దెకున్న మా తోడల్లుడు ఒక్కసారీ ఆ గుమ్మం ఎక్కలేదు. తప్పు పట్టను, నేనూ ఎక్కలేదు మొన్నమొన్నటి దాకా.

ఇక కృష్ణ గురించి అందరూ మాట్లాడతారు. బుడమేరు గురించి మాత్రం అది ఇంట్లోకి వచ్చిన రోజునే మాట్లాడతాం. మైలవరం వైపు కొండల్లో పుట్టి, ఊరికి ఉత్తరంగా తిరిగి, కొల్లేట్లో కలిసే వాగు అది. 2024 సెప్టెంబరు మొదటివారంలో బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు దాటుతోందని అందరం అటే చూస్తుంటే, ఇది వెనకనుంచి వచ్చి సింగ్‌నగర్‌నూ పాయకాపురాన్నీ రోజుల తరబడి నీళ్లలో ఉంచింది. ఆ వరద తర్వాతే నేను ఎనికెపాడు వెళ్లి యూటీ చూశాను. యూటీ అంటే అండర్ టన్నెల్, అక్కడివాళ్లు యూటీ అనే అంటారు. కాలువ పైన పోతుంటే దాని కిందనుంచి బుడమేరు అడ్డంగా దాటిపోతుంది. నీటి కింద నీరు! పర్యాటకుల పటంలో దానికి చోటు లేదు. నన్నడిగితే మ్యూజియం కంటే ముందు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాలి. వాళ్ల వీధి ఎందుకు మునిగిందో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

కింద నీళ్లయ్యాయి గనక పైకి పోదాం. మొగల్రాజపురం గుహలు పదిహేను వందల ఏళ్ల నాటివని చెబుతారు. అపార్ట్‌మెంట్ల మధ్య, కొండ రాతిని తొలిచి. ఒకదాని నుదుటి మీద సింహాలున్నాయి, ఒక గుహలో అర్ధనారీశ్వరుడున్నాడు. ఎదురింటి బట్టలు ఆరేసిన తాడు ఆయన కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు దారి అడిగితే, రెండు వీధుల అవతల ఇస్త్రీ బండి దగ్గరతను "గుహలా? ఉండవల్లిలో ఉన్నాయండీ" అని ఏరు దాటించబోయాడు. దుర్గగుడి కొండ మొదట్లో ఉన్న అక్కన్న మాదన్నల గుహలదీ అదే కథ. తానీషా మంత్రుల పేరు తగిలించుకున్నాయి గానీ వాళ్లకంటే వెయ్యేళ్లు పెద్దవి. భక్తులు లక్షల్లో పక్కనుంచే పోతారు, క్యూలో ముందుకు జరగడమే ధ్యాస. అన్నట్టు, ఈ ఊళ్లోనే చాళుక్య రాజు యుద్ధమల్లుడు వేయించిన శాసనం ఉంది. వెయ్యేళ్లు దాటిన తెలుగు పద్యాలు, మధ్యాక్కర అనే ఛందస్సులో. కుమారస్వామికి గుడీ మఠమూ కట్టించానని రాయించుకున్నాడు. అప్పటికే దీని పేరు బెజవాడ.

హైదరాబాదులో కొండ మీద ఇల్లంటే కోట్లున్నవాడని లెక్క. మా ఊళ్లో ఆ లెక్క తిరగబడింది. డబ్బున్నవాళ్లు కింద చదునులో ఉంటారు, లేనివాళ్లు ఎక్కుతూ పోయారు. చిట్టినగర్ సొరంగం పక్కనుంచి చూడండి, వన్‌టౌన్లో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర తలెత్తి చూడండి, కొండంతా ఇళ్లే. నీలం, గులాబి, ఆకుపచ్చ రంగులు, ఒకరి గుమ్మం ఇంకొకరి డాబా. దూరం నుంచి బొమ్మల కొలువులా ఉంటుంది. దగ్గరకు పోతే ఒక మనిషి భుజం మీద గ్యాస్ బండ పెట్టుకుని, ప్రతి పదిహేను మెట్లకూ ఆగి, రొప్పుతుంటాడు. వర్షం గట్టిగా పడిన రాత్రి పైవాళ్లెవరికీ నిద్ర ఉండదు. నేను చెప్పిన ఆ వరద వారంలోనే మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడింది, ప్రాణాలు పోయాయి. కింద నీళ్లు, పైన రాళ్లు.

పోయిన మాఘమాసంలో ఒక ఆదివారం వన్‌టౌన్లో మెట్లెక్కాను. నూట నలభై దాకా లెక్కపెట్టి, తర్వాత ఊపిరాడక లెక్క తప్పాను. ఒక ఇంటి అరుగు మీద మామ్మగారు చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. "ఎవరింటికి నాయనా?" అంది. ఎవరింటికీ కాదు, ఊరికే చూద్దామని వచ్చానన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. పని లేకుండా ఆ మెట్లెక్కే మనిషిని ఆవిడ చూసి ఉండదు. అప్పు వసూలుకో, పెళ్లి కార్డు ఇవ్వడానికో, కరెంటు మీటరు రాసుకోడానికో వస్తారుగానీ. లోపలికి పోయి చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు కిందనుంచి ఎన్ని మెట్లెక్కి వచ్చాయో తెలుసు గనక సగమే తాగి చెంబు ఇవ్వబోయాను. "పూర్తిగా తాగు, దిగేటప్పుడు మోకాళ్లు ఇంకా వణుకుతాయి" అంది.

తర్వాత చింతపండు చేత్తోనే చూపించింది. అదిగో స్టేషను, అదిగో ఏరు, అదిగో మా అమ్మాయి అత్తారిల్లు, ఆ నీళ్ల ట్యాంకు అవతల.