బీరులో ‘గ్లిజరిన్’ తీస్తున్నారా? ముందు ఇది చూడండి

[దృశ్యం: నీళ్ళ గ్లాసులో తలకిందులుగా పెట్టిన బీరు సీసా. మూతి దగ్గర్నుంచి నూనెలాంటి తీగలు కిందికి జారుతున్నాయి. కెమెరా బాగా దగ్గరగా.]

వ్యాఖ్యానం: సన్నగా మెలికలు తిరుగుతూ గ్లాసు అడుక్కి దిగుతున్న ఈ తీగల్ని చూడండి. తిరుపతిలో అయినా చిత్తూరులో అయినా నలుగురు కూర్చున్నచోట ఒకరైనా ఈ పని చేస్తారు. “పొద్దున తలనొప్పి తెచ్చే గ్లిజరిన్ దిగిపోతా ఉంది, ఆగు, అయినాక తాగుదాం” అంటారు. దిగుతున్నది గ్లిజరిన్ అనే ఆ చిక్కటి ద్రవం కాదు. డబ్బులిచ్చి కొన్న బీరే.

సంగతేమిటంటే, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అంటే మాల్ట్‌లోని చక్కెరల్ని, పులియబెట్టే ఈస్ట్ పూర్తిగా తినేయదు. కొంత మిగిలిపోతుంది. అందుకే బీరు నీళ్ళకన్నా ఒక పిసరు బరువు. లీటరు నీళ్ళు కిలో తూగితే, లీటరు లాగర్ (మామూలుగా దొరికే లేతరంగు బీరు) సుమారు 1,005 నుంచి 1,010 గ్రాములు తూగుతుంది. సీసాని నీళ్ళలో బోర్లిస్తే బరువైనది కిందికి దిగుతుంది, తేలికైన నీళ్ళు పైకెక్కి సీసాలో దూరతాయి. మీరు చేసిందల్లా బీరులో నీళ్ళు కలపడం, గ్యాస్ పోగొట్టడం.

కెమెరా వెనక నుంచి: మరి జిడ్డుగా కనపడతా ఉందే అన్నా?

వ్యాఖ్యానం: మే నెల మధ్యాహ్నం రేణిగుంట రోడ్డు మీద గాలి అలలు అలలుగా ఊగడం చూశావు కదా. అక్కడేమన్నా నూనె పోశారా? వేడిగాలి, చల్లగాలి కలిసేచోట వెలుగు వంగుతుంది, అంతే. ఇక్కడ రెండు ద్రవాలు కలిసేచోట అదే జరుగుతోంది.

[దృశ్యం: ఖాళీ సీసాలో నీళ్ళు కలిపిన నన్నారి (సుగంధిపాల వేర్ల) షర్బత్ నింపి, అదే నీళ్ళ గ్లాసులో బోర్లిస్తారు. అవే తీగలు.]

షర్బత్‌లో గ్లిజరిన్ లేదు. తీగలు మాత్రం ఉన్నాయి. అసలు గ్లిజరిన్ అనేది ఈస్ట్ పులిసేటప్పుడు కొద్దిగా తనంతట తానే తయారవుతుంది, ప్రతి బీరులోనూ ఉంటుంది. అది నీళ్ళలో పూర్తిగా కలిసిపోయే పదార్థం. కలిసిపోయినదాన్ని సీసా బోర్లించి విడదీయలేం. కాఫీలో కలిసిన చక్కెరని గ్లాసు తిప్పి తీయగలమా?

పొద్దున తలనొప్పికి కారణం మరి? దానికి లెక్క వేయాలి.

[తెర మీద: మి.లీ. × శాతం ÷ 100 × 0.79 (ఒక మి.లీ. ఆల్కహాల్ బరువు) = గ్రాముల ఆల్కహాల్]

సీసా మీద రెండు అంకెలు ఉంటాయి: ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత శాతం. 650 మి.లీ. పెద్ద సీసా, 5 శాతం లాగర్ అయితే 32.5 మి.లీ. ఆల్కహాల్, అంటే దాదాపు 26 గ్రాములు. అదే సీసా 8 శాతం స్ట్రాంగ్ అయితే 41 గ్రాములు. ఇప్పుడు విస్కీ: మనదేశపు విస్కీ, బ్రాందీ, రమ్ము మామూలుగా 42.8 శాతం. 30 మి.లీ. పెగ్గులో 10 గ్రాములు.

అంటే 8 శాతం స్ట్రాంగ్ బీరు ఒక్కటి నాలుగు పెగ్గులతో సమానం. రెండు సీసాలు తాగితే ఎనిమిది పెగ్గులు. క్వార్టర్ అంటే 180 మి.లీ., ఆరు పెగ్గులు. “నేను మందు తాగనబ్బా, బీరే” అనే మనిషి రెండు స్ట్రాంగులు ఖాళీ చేసి లేచేసరికి క్వార్టర్ మీద ఇంకో రెండు పెగ్గులు ఎక్కించుకున్నట్టే. పాపం, నింద మాత్రం గ్లిజరిన్‌కి.

లివర్ గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ని కరిగిస్తుంది. 41 గ్రాములు కరగాలంటే నాలుగు నుంచి ఆరు గంటలు. కాఫీ తాగినా, నిమ్మకాయ నాకినా, తల మీద చన్నీళ్ళు కుమ్మరించుకున్నా ఆ వేగం మారదు. రక్తంలో 100 మి.లీ.కి 30 మిల్లీగ్రాములు దాటి బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద కేసు. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పెద్ద సీసా ఒక్కటి చాలు ఆ గీత దాటడానికి. కాబట్టి ఇంట్లోనే, బండి తాళం గోడకి తగిలించాక. 21 నిండనివాళ్ళకి మన రాష్ట్రంలో మందు అమ్మకూడదు. సీసా బ్యాగులో ఉండగా కొండ దారి పట్టొద్దు, తిరుమల మీద మద్యం పూర్తిగా నిషేధం. అలిపిరిలో తనిఖీ ఉంటుంది.

[దృశ్యం: ప్లాస్టిక్ బకెట్, ఐసు, కల్లుప్పు.]

ఇక చల్లబరచడం. ఎండలో తెచ్చిన సీసాని ఫ్రీజర్‌లో పడేసి మర్చిపోవడం అందరూ చేసే తప్పు. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. సీసా పగులుతుంది, ఫ్రీజర్ నిండా గాజు పెంకులు. దానికన్నా బకెట్ నయం. 2 కిలోల ఐసు, సీసా మెడ దాకా నీళ్ళు, రెండు గుప్పిళ్ళ కల్లుప్పు. వట్టి ఐసు సీసాకి అక్కడక్కడే తగులుతుంది, మధ్యలో గాలి. నీళ్ళు పోస్తే సీసా చుట్టూ చలి అంటుకుంటుంది. ఉప్పు ఆ నీళ్ళని సున్నా కిందికి దించుతుంది. మధ్యమధ్యలో సీసాని గుండ్రంగా తిప్పుతూ ఉంటే 15, 20 నిమిషాల్లో తాగే చలి వస్తుంది. అంతకు మించి వదిలేయొద్దు.

లాగర్‌కి 4 నుంచి 6 డిగ్రీలు సరిపోతుంది. పళ్ళు జిల్లుమనేంత చల్లగా తాగితే నాలుక మొద్దుబారి రుచి తెలియదు. రుచి బాగాలేని బీరుని అంత చల్లగా అమ్మడంలో అంగడివాళ్ళకి లాభం ఉందేమో గానీ మనకి లేదు. గోధుమ బీరు ఇంకొంచెం తక్కువ చలిలో బాగుంటుంది. దాని అడుగున ఈస్ట్ పేరుకుని ఉంటే మూడొంతుల్లో రెండొంతులు పోసి, సీసాని ఒకసారి గుండ్రంగా ఆడించి మిగిలింది పోయండి. స్టౌట్ అనే నల్లటి బీరు మన ఏప్రిల్‌కి బరువు, డిసెంబరుకి దాచుకోండి.

వెలుగు కూడా శత్రువే. బీరులో వేసే హాప్స్ అనే పూల వల్ల వచ్చే చేదు పదార్థాలు ఎండ తగిలితే విరిగి ఒకరకమైన కంపు పుడుతుంది. ముదురు గోధుమరంగు గాజు ఆ వెలుగుని ఆపుతుంది, ఆకుపచ్చది పెద్దగా ఆపదు. అంగడి బయట ఎండ పడేచోట పేర్చిన ఆకుపచ్చ సీసా తీసుకోవద్దు.

స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరి వచ్చిన సీసాని వెంటనే తెరిస్తే సగం నేలపాలు. అరగంట నిలబెట్టాక తెరవండి. గ్లాసుని 45 డిగ్రీలు వంచి గోడ మీదుగా పోస్తూ, సగం దాటాక నిటారుగా పెట్టి మధ్యలోకి పోయండి. పైన రెండు వేళ్ళ నురుగు ఉండాలి. నురుగు నిలవకపోతే తప్పు బీరుది కాదు, గ్లాసుది. సబ్బు గానీ నూనె గానీ మిగిలి ఉంటే నురుగు చచ్చిపోతుంది.

[దృశ్యం: గ్లాసు గోడకి దగ్గరగా. ఒకచోట బుడగలు గుంపుగా అంటుకుని ఉన్నాయి.]

ఇదిగో, బుడగలు గోడకి అంటుకున్నచోట జిడ్డు ఉంది. వంటసోడాతో రుద్ది, బాగా కడిగి, బోర్లించి ఆరనివ్వండి. గుడ్డతో తుడవొద్దు.

కెమెరా వెనక నుంచి: అన్నా, మందు అలవాటు లేనోళ్ళకి ఏం లేదా?

వ్యాఖ్యానం: ఉంది. నిజానికి డ్యూటీ దిగి వచ్చిన మనిషికి మొదటి గ్లాసు ఎప్పుడూ మందు కాకూడదు. దాహంతో తాగితే బీరు గటగటా దిగిపోతుంది, పైగా ఒంట్లో నీళ్ళని బయటికి తోస్తుంది. ముందు పెద్ద గ్లాసు మజ్జిగ. ఒక కప్పు పెరుగుకి మూడు కప్పుల నీళ్ళు, అర చెంచా ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు. పెరుగుని ముందు కొద్ది నీళ్ళతో చిలికి, తర్వాత మిగతా నీళ్ళు పోయాలి. ఒకేసారి పోస్తే పలుకులు తేలతాయి.

ఆ తర్వాత మన రాయలసీమ సొంత సరుకు, నన్నారి సోడా.

[దృశ్యం: సుగంధిపాల వేర్లు, రోకలి.]

సుగంధిపాల వేర్లు మూలికల అంగట్లో దొరుకుతాయి. 100 గ్రాములు కడిగి, రోట్లో చితక్కొట్టండి. మధ్యలో తెల్లటి కట్టెలాంటి నార వస్తుంది, అది పారేయాలి. వాసనంతా బెరడులోనే. లీటరు నీళ్ళు మరగబెట్టి, పొయ్యి ఆపేసి, అప్పుడు వేర్లు వేసి మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. వేర్లని గంటసేపు ఉడికించేవాళ్ళున్నారు. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది నిజమే, కానీ ఆ వాసన సీసాలో ఉండాల్సింది. వెనిల్లా వాసనకి దగ్గర చుట్టమైన పదార్థం అది, వేడికి ఆవిరైపోతుంది.

పొద్దున గుడ్డలో వడగట్టి, వచ్చిన నీటికి ఒకటిన్నర రెట్లు చక్కెర వేసి సన్నని సెగ మీద కరిగించండి. చక్కెర తగ్గిస్తే బూజు పడుతుంది. పొంగు రాగానే రెండు నిమ్మకాయల రసం పిండి, అయిదు నిమిషాలకి దించేయాలి. నిమ్మరసం రుచి కోసమే కాదు, చక్కెరని కొంత విడగొట్టి సీసా అడుగున కలకండలా గడ్డకట్టకుండా ఆపుతుంది. రంగు పలచటి టీ డికాషన్‌లా ఉంటుంది. ఎర్రగా మెరుస్తోందంటే రంగు కలిపినట్టే.

గ్లాసులో 30 మి.లీ. పాకం, అర నిమ్మకాయ, చిటికెడు ఉప్పు ముందుగా కలిపేసి, 200 మి.లీ. చల్లటి సోడా ఆఖరున గోడవారగా పోయండి. సోడా పోశాక ఉప్పు వేశారో, ఒక్కసారిగా పొంగి టేబుల్ మీదికొస్తుంది. ఉప్పు పలుకులే బుడగలకి పుట్టిల్లు. గోలీసోడా దొరికితే ఇంకా మంచిది. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంట్ చేసుకున్న సీసా అది. లోపలి గ్యాసే గోలీని పైకి తోసి మూతిలోని రబ్బరు రింగుకి నొక్కి పెడుతుంది. కొట్టినప్పుడు ‘టప్’మని గట్టిగా మోగకపోతే గ్యాస్ పోయిందని అర్థం, మార్చి ఇమ్మనండి.

[దృశ్యం: పొడవాటి గ్లాసు, నన్నారి పాకం, గోలీసోడా, సగం మిగిలిన లాగర్ సీసా.]

రెండూ కావాలనేవాళ్ళకి ఒక రాజీ. 15 మి.లీ. నన్నారి, అర నిమ్మకాయ, 150 మి.లీ. సోడా, పైన 200 మి.లీ. 5 శాతం లాగర్. ఉప్పు వద్దు. నెమ్మదిగా పోయండి, నురుగు ఎక్కువొస్తుంది. గ్లాసు నిండా ఉంటుంది కానీ ఆల్కహాల్ 8 గ్రాములే, పెగ్గుకన్నా తక్కువ. పక్కన ఉడకబెట్టిన చెనక్కాయలు.

కెమెరా వెనక నుంచి: అన్నా, ఆ నీళ్ళలో బోర్లించిన సీసా ఇంకా అట్లే ఉంది. ఏం చేసేది?

వ్యాఖ్యానం: పారబోసెయ్. అందులో ఇప్పుడు నీళ్ళే ఎక్కువ.