మంచు కప్పు కింద కాడ్ చేప

శ్రోతలకు నమస్కారం.

ఉత్తర ధ్రువ సముద్రం అనగానే తెల్ల ఎలుగుబంటి గుర్తుకొస్తుంది. ఎలుగుబంటికి సీల్ ఆహారం. ఆ సీల్‌కు ఆహారం ఏమిటన్నది అంతగా ఎవరూ అడగరు. అందులో ముఖ్యమైనది ధ్రువ కాడ్ అనే చేప. సాధారణంగా జానెడు పొడవు, ఎంత పెరిగినా మూరెడు దాటదు. బెలూగా తిమింగలాలకూ, కొండచరియల మీది సముద్ర పక్షులకూ ఇదే తిండి.

ఉప్పు వల్ల సముద్రపు నీరు మైనస్ 1.9 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మామూలు చేప రక్తం మాత్రం మైనస్ 1 డిగ్రీకి చేరకముందే గడ్డకడుతుంది. మరి ధ్రువ కాడ్ ఎలా బతుకుతోంది? దాని రక్తంలో చక్కెర అణువులు అతుక్కున్న ఒక ప్రోటీన్ ఉంది. ఒంట్లోకి చేరిన మంచు పలుకును అది అంటిపెట్టుకుని పెరగనివ్వదు. ఈ ప్రోటీన్ మూత్రంలో పోకుండా, మూత్రపిండాల్లో రక్తాన్ని వడగట్టే భాగమే లేకుండా పోయింది! అంతకన్నా వింత ఏమిటంటే, దక్షిణ ధ్రువ సముద్రంలో వేరే కుటుంబపు చేపల్లోనూ దాదాపు ఇదే ప్రోటీన్ ఉంది. రెండూ దాన్ని విడివిడిగా సంపాదించుకున్నాయని 1997లో తేలింది. ప్రకృతిలో ఇంతకు మించిన ఆశ్చర్యం నాకు కనబడలేదు.

సూర్యుడు కనిపించని చలికాలపు నెలల్లో ఈ చేప గుడ్లు పెడుతుంది. గుడ్డు ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త పైన. అది తేలుతూ పైకి వెళ్లి మంచు అడుగుకు చేరుతుంది. ఆ చలిలో పిల్ల బయటికి రావడానికి 3 నెలల దాకా పడుతుంది. ఈలోగా వెలుగు తిరిగొస్తుంది, మంచు అడుగున నాచు పుడుతుంది, నాచును మేసే అతి చిన్న ప్రాణులు పెరుగుతాయి. పిల్లలకు అవే తొలి మేత.

కొంత ఎదిగిన పిల్లలు మంచు నెర్రెల్లో, చూరు కింద పిచ్చుకల్లా ఒదిగి ఉంటాయి. అయితే ఆ మంచు కదులుతూ ఉంటుంది. 2012 వేసవిలో జర్మనీ పరిశోధక నౌక పోలార్‌స్టెర్న్ మంచు అడుగునే జారే వలతో ఇలాంటి పిల్లలను పట్టింది. ఆ మంచు వచ్చిన దారిని వెనక్కి లెక్కగడితే సైబీరియా తీరాల దగ్గర తేలింది. ఆ పిల్లలు ఈదిన దూరం కన్నా మంచు మోసుకొచ్చిన దూరమే ఎక్కువన్నమాట. పెద్ద చేపలు చాలావరకు లోతుల్లో ఉంటాయి. నార్వే, రష్యాలకు ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రంలో గుడ్ల కాలానికి నోవాయా జెమ్ల్యా, స్వాల్‌బార్డ్ దీవుల వైపు చేరతాయి.

దీని పెద్ద బంధువు అట్లాంటిక్ కాడ్ మీటరు దాటి పెరుగుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు నార్వేలోని లోఫోటెన్ దీవుల దగ్గర గుడ్లు పెట్టి, మేత కోసం మళ్లీ ఉత్తరానికి వెళుతుంది. నీళ్లు వేడెక్కుతున్నకొద్దీ దాని మేత హద్దు ఇంకా పైకి జరుగుతోంది. స్వాల్‌బార్డ్‌లో కాంగ్స్‌ఫ్యోర్డ్ అనే, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఒడ్డున మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి పనిచేస్తోంది. ఆ ఫ్యోర్డ్‌లోకి కూడా అట్లాంటిక్ కాడ్ వచ్చేసింది. చిన్న బంధువును అది నిరభ్యంతరంగా తింటుంది.

ఆర్కిటిక్ మధ్య భాగంలో వాణిజ్యపు వేటను 16 ఏళ్లు ఆపే ఒప్పందం మీద 2018లో సంతకాలు జరిగాయి, 2021లో అమల్లోకి వచ్చింది. చేపల గురించి సరిగా తెలియకముందే వల వేయకూడదని దేశాలు ఒప్పుకోవడం మంచి పని. నా దిగులంతా గుడ్డు గురించే. ప్రయోగశాలలో నీటి వేడి 3 డిగ్రీలు దాటేసరికి బతికి బయటపడిన గుడ్ల సంఖ్య బాగా పడిపోయింది. పెద్ద చేపలు అంతకన్నా వెచ్చని నీళ్లను తట్టుకోగలవు, గుడ్డుకు ఆ శక్తి లేదు.