పెరట్లో పొన్నంకి పిట్ట

శ్రోతలకు నమస్కారం. విశాఖపట్నంలోని మా పెరట్లో, జామచెట్టు కింద, ఏడాది పొడుగునా నేను రెండు పళ్లేలు ఉంచుతాను. ఒకదానిలో నూకలు, మరొకదానిలో నీళ్లు. పిచ్చుకలూ గోరింకలూ రోజూ వచ్చేవే. అయితే ఒక కార్తికంలో, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే, నీళ్ల పళ్లెం వెనుక ఎండుటాకులు గలగలమంటే, తొండ కాబోలనుకుని కిటికీలోంచి చూశాను.

తొండ కాదు. గోరింక కన్న చిన్నదైన ఒక పిట్ట, తోక ఉందా లేదా అన్నంత పొట్టి తోకతో, ఒక్కొక్క ఆకును ముక్కుతో పక్కకు తోసి, క్షణం కదలక నిలిచి, పురుగును అందుకుని ముందుకు గెంతుతోంది. వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, కంటి మీదుగా కాటుక దిద్దినట్టు నల్లని పట్టీ, గొంతు తెలుపు, రొమ్ము గంధపు రంగు, తోక కింద కుంకుమ ఎరుపు. నూకల వైపు అది చూడనైనా లేదు. రెండు గుక్కల నీళ్లు తాగి మళ్లీ ఆకుల్లోకే వెళ్లింది.

అది పొన్నంకి పిట్ట. హిందీలో నౌరంగ్ అంటారు. హిమాలయాల దిగువ అడవుల్లోనూ మధ్య భారతంలోనూ పిల్లల్ని పెంచి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకూ వలస వచ్చే ఈ పక్షి, దారిలో అలసి ఊళ్లలోని తోటల్లో దిగుతుంది. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ జాతికి పెట్టిన ‘పిట్టా’ అన్న పేరు మన తెలుగు మాటే. ప్రపంచమంతా పలికే ఆ పేరు గల పక్షి మా జామచెట్టు కిందికి వచ్చినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అది వచ్చింది నా నూకల కోసం కాదు, ఆకుల కోసం. అంతకు ముందు నాలుగు రోజులు వాన పట్టి పెరడు ఊడ్వలేదు కనుకనే ఆ ఆకులు మిగిలాయి, ఆకుల కింద పురుగులు మిగిలాయి. అందుచేత నేను కోరేది ఒక్కటే. వాకిలి ఊడ్వండి, కళ్లాపి చల్లండి, ముగ్గు పెట్టండి. పెరటి మూల ఒక్క చెట్టు కింద మాత్రం రాలిన ఆకుల్ని ఊడ్వకండి, తగలబెట్టకండి. నీళ్ల పళ్లేన్ని గోడ మీద కాక, ఆ ఆకుల పక్కనే నేల మీద ఉంచండి.

మా పెరట్లో అది మూడు రోజులు ఉంది. నాలుగో నాడు రాలేదు. ఆ ఆకులు మాత్రం ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.